రాబర్ట్ నోబుల్

కృష్ణా మండలంలో ఆంగ్లవిద్యకు తొలి బాటలు పరచిన వారిలో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ ముఖ్యులు. మతప్రబోధం కోసం వచ్చిన ఆయనను తెలుగువారు ఉపాధ్యాయుడిగా గుర్తుంచుకోవడం ఆయన జీవితంలోని విశేషం.

నోబుల్ 1809లో ఇంగ్లండులోని లీస్టర్‌షైర్‌లో ఒక మతాచార్యుని ఇంట జన్మించారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదివి, తానూ మతాచార్యులయ్యారు. చర్చి మిషనరీ సొసైటీ పక్షాన 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్స్‌తో కలిసి మచిలీపట్నం చేరుకున్నారు. ఒకప్పుడు డచ్చి, ఆంగ్ల వర్తకుల ఓడలతో కళకళలాడిన ఆ రేవుపట్టణం అప్పటికే పూర్వవైభవాన్ని కోల్పోయింది. మిత్రులిద్దరూ పనిని పంచుకున్నారు. ఫాక్స్ ఊరూరా తిరిగి మతబోధ చేయగా, నోబుల్ పాఠశాలను తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు. 1843 నవంబరులో కొద్దిమంది విద్యార్థులతో బడి ప్రారంభమైంది.

ఆ బడిలో ఆంగ్లభాషా సాహిత్యాలతో పాటు బైబిలు పఠనం తప్పనిసరి. రామాయణ భారతాలు తెలియనివానికి మన ప్రబంధాల సొగసు అందనట్లే, బైబిలు తెలియనివానికి మిల్టన్ కావ్యాల అంతరార్థం అందదు. అయితే నోబుల్ ఆశయం కావ్యార్థ బోధతో ఆగలేదు. విద్యార్థులు తన విశ్వాసాన్ని స్వీకరించాలని ఆయన కోరుకున్నారు. ఆ కోరికను ఎన్నడూ దాచుకోలేదు. తల్లిదండ్రులకూ ఆ సంగతి తెలుసు. అయినా ఆంగ్లవిద్య కొలువులకు ద్వారం తెరుస్తుందన్న ఆశతో పిల్లలను పంపారు.

1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవమతాన్ని స్వీకరించడంతో పట్టణం కలవరపడింది. పెద్దలు తమ పిల్లలను బడి మాన్పించారు. నోబుల్ తన పాఠ్యక్రమాన్ని మార్చుకోలేదు. బడిని మూయనూ లేదు. ఓపికగా పాఠాలు కొనసాగించగా, కాలక్రమంలో విద్యార్థులు మళ్లీ చేరారు.

ఆయన జీవితంలో మరొక క్లిష్టమైన ప్రశ్న ఉంది. అగ్రవర్ణాల యువకులు మారితే మిగిలిన సమాజం వారిని అనుసరిస్తుందని ఆయన నమ్మారు. అందుచేత అస్పృశ్యులుగా భావింపబడిన కులాల పిల్లలకు తన బడిలో ప్రవేశం కల్పించలేదు. దేవుని ఎదుట మానవులందరూ సమానులని బోధించే పాఠశాల, కొందరు పిల్లలను గడప వెలుపల నిలపడం న్యాయమా అని తోటి మిషనరీలే విమర్శించారు. ఆయన బోధకూ ఆచరణకూ మధ్య ఏర్పడిన ఈ అంతరాన్ని ఆయన సేవానిరతిని మెచ్చుకునేవారు కూడా విస్మరించరాదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో సముద్రం ఉప్పొంగి మచిలీపట్నాన్ని ముంచెత్తింది. సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం జరిగి ఏడాది నిండకముందే, 1865 అక్టోబరులో, నోబుల్ ఆ పట్టణంలోనే కన్నుమూశారు. అవివాహితులుగా జీవించిన ఆయన, ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారైనా స్వదేశానికి మరలలేదు.

ఆయన పేరిట వెలసిన నోబుల్ కళాశాలలో తరువాతి కాలంలో భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు విద్యనభ్యసించారు. ఒకరు జాతీయోద్యమ నాయకులయ్యారు. మరొకరు కృష్ణాపత్రిక సంపాదకులుగా తెలుగువారి ఆలోచనను తీర్చిదిద్దారు. అక్కడ అధ్యాపకులుగా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ మార్గాన్ని అనుసరించి, అనంతరం కాకినాడలో దళిత విద్యార్థులకు ఆశ్రయమిచ్చి చదివించారు. నోబుల్ కోరుకున్న విశ్వాసం వీరిది కాదు. కాని ఆయన నెలకొల్పిన విద్యాసంప్రదాయం వీరి చేతులలో ఆయన ఊహించని దారులలో విస్తరించింది. గురువు తన విశ్వాసాన్ని చాటవచ్చు. విన్నదానిని తూచి, మంచిని గ్రహించే బాధ్యత మాత్రం శిష్యునిదే.