మక్క గింజ మచ్చల్ని చదివిన మెక్‌క్లింటాక్

మన చేలల్లో మక్కలు ఎక్కువగా పసుపు రంగువే. అమెరికా ఖండంలో మాత్రం తెలుపు, ఎరుపు, ఊదా రంగుల కంకులు కూడా ఉంటాయి. ఒకే గింజ మీద మచ్చలు మచ్చలుగా రెండు రంగులుండటం కూడా అక్కడ మామూలే. ఆ మచ్చ ఎందుకొచ్చిందని అడిగి, జవాబు కోసం జీవితమంతా పెట్టిన మనిషి బార్బరా మెక్‌క్లింటాక్. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ సైట్లకు వచ్చిన మాలాంటి వాళ్ళకు మక్క కొత్త కాదు. ఆ మక్కతోనే ఒకావిడ నోబెల్ దాకా వెళ్ళిన సంగతి మాత్రం మాలో చాలామందికి తెలియదు.

ఆమె 1902 జూన్ 16న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి హోమియో డాక్టర్. పెద్ద చదువు చదివితే పిల్లకు సంబంధం దొరకదని తల్లి భయం. మన ఇళ్ళల్లోనూ విన్న మాటే కదా! తండ్రి ఒప్పుకోవడంతో 1919లో కార్నెల్ యూనివర్సిటీలో చేరి, 1927లో డాక్టరేట్ తీసుకున్నారు. మక్కలో పది జతల క్రోమోజోములుంటాయి. మైక్రోస్కోపు కింద ఒక్కోదాన్ని గుర్తుపట్టి వాటికి నంబర్లు వేసింది ఆమే. జతలోని క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయని 1931లో హారియెట్ క్రైటన్‌తో కలిసి రుజువు చేశారు.

ఇంత చేసినా స్థిరమైన ఉద్యోగం లేదు. ఏళ్ళ తరబడి ఫెలోషిప్‌ల మీద ఊళ్ళు మారారు. 1933లో జర్మనీ వెళ్తే, అప్పుడే నాజీలు గద్దెనెక్కారు, ముందుగానే తిరిగొచ్చేశారు. 1936లో మిస్సోరీ యూనివర్సిటీలో ఉద్యోగం దొరికింది. అక్కడ పైకి ఎదగనివ్వరని అనిపించి 1941లో వదిలేశారు. కాంట్రాక్టు అయిపోతే ఎక్కడికి పోవాలో తెలియని బతుకు మాకు తెలుసు. అందుకే ఆమె కథలో ఈ భాగం మాకు బాగా అర్థమవుతుంది. చివరికి న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబులో చోటు దొరికింది. మిగతా జీవితమంతా అక్కడే.

విత్తనం పెట్టడం, పుప్పొడి అద్దడం, కంకి కోసి లెక్క రాయడం, అన్నీ స్వయంగా చేసేవారు. 1944 నుంచి కొన్నేళ్ళు గింజల మచ్చల వెంటే పడ్డారు. తేలిందేమిటంటే, క్రోమోజోము మీద కొన్ని ముక్కలు ఒకచోట కుదురుగా ఉండవు, లేచి ఇంకోచోట కూర్చుంటాయి. అలాంటి ముక్క రంగు జన్యువులో దూరితే రంగు ఆగిపోతుంది. గింజ పెరిగేటప్పుడు అది బయటికి పోతే, అక్కణ్నుంచి పుట్టిన కణాలకు మళ్ళీ రంగు వస్తుంది. ముందుగా పోతే పెద్ద మచ్చ, ఆలస్యంగా పోతే చిన్న చుక్క. అంతే లెక్క! వీటికే తర్వాత జంపింగ్ జీన్స్ అని పేరొచ్చింది.

1951లో పెద్ద సభలో ఈ విషయం వివరిస్తే చాలామందికి అర్థం కాలేదు, కొందరు నమ్మలేదు. జన్యువులు దారానికి గుచ్చిన పూసల్లా కదలకుండా ఉంటాయని అప్పటి నమ్మకం. 1953 తర్వాత ఈ ఫలితాలను పత్రికలకు ఇవ్వడం చాలావరకు మానుకున్నారు. పని మాత్రం మానలేదు. తర్వాత బ్యాక్టీరియాలో, ఈగల్లో కూడా ఇలాంటి ముక్కలు బయటపడ్డాక లోకం ఆమె వైపు తిరిగింది. 1983లో, 81 ఏళ్ళ వయసులో, వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎవరితోనూ పంచుకోకుండా ఆ విభాగంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమే. 1992 సెప్టెంబర్ 2న కన్నుమూశారు.

ఆమె మాట ఎంత పెద్దదో పూర్తిగా తెలిసింది ఆమె పోయాకే. 2005లో వరి జీనోమ్ వచ్చింది, సుమారు 39 కోట్ల అక్షరాలు. 2009లో మక్క జీనోమ్ వచ్చింది, 230 కోట్ల అక్షరాలు. అందులో 85 శాతం దాకా ఆమె చెప్పిన గెంతే ముక్కలే! 32 వేలకు పైగా ఉన్న జన్యువులు వాటి మధ్య అక్కడక్కడ చిక్కుకుని ఉన్నాయి.

మక్క జీనోమ్ కూర్చడం కష్టమైంది కూడా వీటివల్లే. జీనోమ్‌ను ఒకేసారి చదవలేరు. ముక్కలుగా చదివి, అంచులు కలిసేవి చూసి అతికిస్తారు. నలభై అంతస్తుల టవర్ డ్రాయింగులు చింపేశారనుకోండి. టిపికల్ ఫ్లోర్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏ ముక్క ఏ అంతస్తుదో సైట్లో ఎవరూ చెప్పలేరు. ఇదీ అంతే, ఒకే రకం ముక్క వేలసార్లు వస్తుంది. పొడవైన ముక్కల్ని చదివే మిషన్లు వచ్చాకే చిక్కు విడింది. 2021లో 26 రకాల మక్కల జీనోములు ప్రకటించారు. 2023లో ఒక రకానిది ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ లేకుండా పూర్తయింది. సుమారు 1,600 కోట్ల అక్షరాల గోధుమ జీనోమ్ 2018లోనే వచ్చింది.

ఎండను, పురుగును తట్టుకునే వంగడం వెతికేవాళ్ళకు ఈ పటాలు చాలా అవసరం. ఊళ్ళో మక్క పంట మీద ఆశ పెట్టుకుని, అప్పు తీర్చడానికి ఇక్కడ చెమటోడుస్తున్న మాకూ ఆ వంగడాలతో పని ఉంది. ఒప్పుకునేవాళ్ళు లేని రోజుల్లో కూడా ఆమె కంకుల లెక్క తప్పకుండా రాసుకుంటూ పోయారు. ఆ లెక్క సరైనదేనని మక్క మొక్కే తేల్చి చెప్పింది.