పుట్టిల్లు లేని ఆడపిల్లలకు అమ్మ రాజ్యలక్ష్మమ్మ

రాజమండ్రికి ఆనుకుని ఉన్న కాతేరు గ్రామంలో 1851లో అద్దంకి వారి ఇంట ఒక ఆడపిల్ల పుట్టింది. బాపమ్మ అని పేరు పెట్టుకున్నారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని ఇంకా పూర్తికాని రోజులవి. ఆ బాపమ్మే తరువాత కందుకూరి రాజ్యలక్ష్మమ్మగా మన గోదావరి జిల్లాలో పేరు పొందారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారిని ఎరుగనివారు తెలుగునాట లేరు. ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి, బడి పుస్తకాల్లో పాఠాలున్నాయి. కాని పంతులుగారు తలపెట్టిన పెండ్లిళ్ళకు వంట వండిందెవరు, పెండ్లికూతుళ్ళను నెలల తరబడి ఇంట ఉంచుకుని సాకిందెవరు, కాపురాలకు వెళ్ళాక వారి కష్టసుఖాలు విన్నదెవరు అని అడిగితే జవాబు చెప్పగలవారు కొద్దిమందే.

ఆమెకు పెండ్లి 1861లో జరిగింది. వరునికి పదమూడేళ్ళు, వధువుకు పదేళ్ళు నిండలేదు. ఆనాటి ఆచారం అంతే. అత్తవారింట ఆమెను రాజ్యలక్ష్మి అని పిలిచారు. పంతులుగారికి తండ్రి చిన్ననాడే పోయాడు. పెదతండ్రి పెంపకంలో పెరిగారు. బాల్యం నుంచి దగ్గు, ఉబ్బసం ఆయన్ను వదలలేదు. రాత్రిళ్ళు నిద్రలేని భర్తకు సేవ చేయడం ఈమె జీవితంలో చివరి రోజు వరకు సాగిన పని. ఆడవాళ్ళకు అక్షరం వస్తే అరిష్టమని నమ్మే కాలంలో భర్త దగ్గరే ఇంట్లో చదవడం, రాయడం నేర్చుకున్నారు.

పంతులుగారు కోరంగిలోను, ధవళేశ్వరంలోను బడిపంతులుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల పాఠశాల పెట్టారు. ఆ ఏడే వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రికలో ఊరి పెద్దల తప్పులు, ఉద్యోగుల లంచాలు నిర్భయంగా రాసేవారు. భర్త ప్రతి వారం నలుగురితో తగవు తెచ్చుకుంటుంటే భార్య పడే ఇబ్బంది ఎలా ఉంటుందో సంసారం చేసిన ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. తరువాత ఉద్యోగం రాజమండ్రికి మారింది. దంపతులు సొంత ఊళ్ళో స్థిరపడ్డారు.

విధవల గోడు

అప్పట్లో అయిదారేళ్ళకే ఆడపిల్లకు పెండ్లి చేసేవారు. మశూచి, కలరా ఊళ్ళను తుడిచిపెట్టుకుపోయే రోజులు. మొగుడి ముఖం సరిగా చూడకుండానే విధవలయిన పిల్లలు అగ్రహారాల్లో ఇంటికొకరు కనిపించేవారు. తల గొరిగించి, ముతక గుడ్డ కట్టించి, ఒక పూట తిండితో వంటింటి మూల కూర్చోబెట్టేవారు. శుభకార్యాలకు ఎదురు రాకూడదు. విధవకు మళ్ళీ పెండ్లి చేయవచ్చునని 1856లోనే చట్టం వచ్చింది. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు అందుకోసం పాటుపడ్డాడు. చట్టం వచ్చి పాతికేళ్ళు కావస్తున్నా ఇక్కడ పీటల మీద కూర్చోబెట్టే సాహసం చేసినవారు లేరు. చట్టం పుస్తకంలో ఉంది, పిల్ల మూల కూర్చునే ఉంది.

1879లో పంతులుగారు రాజమండ్రిలో వితంతు వివాహాలను సమర్థిస్తూ బహిరంగంగా ఉపన్యాసం ఇచ్చారు. ఊరు భగ్గుమంది. పండితులు సభలు పెట్టి ఖండించారు. మాటలవరకు ఉన్నంతసేపు అది మగవాళ్ళ వాదమే. పెండ్లి నిజంగా చేయాల్సి వచ్చేసరికి భారం వంటింటి మీద పడింది.

మొదటి పెండ్లి

1881 డిసెంబరు 11వ తేదీ. రాజమండ్రిలో పంతులుగారి ఇంట గోగులపాటి శ్రీరాములుకు, గౌరమ్మ అనే బాలవితంతువుకు వివాహం జరిగింది. పిల్లది కృష్ణా జిల్లా. పెండ్లికి ముందే తీసుకువచ్చి పంతులుగారి ఇంట ఉంచారు. ఊరుకాని ఊరు, తెలియని మనుషులు, బయట జనం కేకలు. ఆ పిల్లకు తలదువ్వి, కొత్త చీర కట్టి, ధైర్యం చెప్పి పీటల మీదికి నడిపించాల్సిన తల్లి స్థానంలో రాజ్యలక్ష్మమ్మగారు నిలబడ్డారు. అప్పటికి ఆమెకు ముప్ఫయి ఏళ్ళు.

పెండ్లి కబురు తెలియగానే వంటవాళ్ళు రామన్నారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. ఇంట్లో పనిమనుషులు పోయారు. పురోహితులకు బెదిరింపులు వచ్చాయి. పెండ్లింట నీళ్ళు లేకపోతే ఏమవుతుంది? పంపులు, కుళాయిలు లేని కాలం. తాగడానికైనా, వంటకైనా గోదావరి నీరే. రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసుకుని స్వయంగా గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చారు. పొయ్యి దగ్గర కూర్చుని పెండ్లివారికి వంట చేశారు. సంప్రదాయ కుటుంబంలో పుట్టి, పనివాళ్ళున్న ఇంటి ఇల్లాలు అందరూ చూస్తుండగా వీధుల వెంట బిందెలతో నడిచి వెళ్ళడమంటే ఆనాడు సామాన్యమైన విషయం కాదు. చూసి నవ్వినవారుంటారు, ముఖం తిప్పుకున్నవారుంటారు. అయినా ఆమె నీళ్ళు మోయడం ఆపలేదు.

వీధిలో పోలీసులు కాపలా ఉన్నారు. పంతులుగారి శిష్యులైన విద్యార్థులు ఇంటి చుట్టూ నిలబడ్డారు. పెండ్లి నిర్విఘ్నంగా జరిగింది. నాలుగు రోజులు తిరగకుండా, డిసెంబరు 15న రెండవ పెండ్లి చేశారు. మళ్ళీ అదే పొయ్యి, అవే బిందెలు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు వేల రూపాయలు ఇచ్చి ఈ పనికి అండగా నిలిచారు. ధనం ఆయన ఇచ్చారు, వాదం పంతులుగారు చేశారు. చాకిరీ మాత్రం రాజ్యలక్ష్మమ్మగారిదే.

వెలి

పెండ్లికి వచ్చినవారినీ, భోజనం చేసినవారినీ కులం నుంచి వెలివేశారు. పీఠాధిపతి నుంచి కూడా బహిష్కార పత్రాలు వచ్చాయి. వెలి అంటే ఇప్పటివారికి తేలిక మాటగా తోచవచ్చు. ఆనాడు వెలిపడ్డ ఇంటికి పురోహితుడు రాడు, చాకలి రాడు, మంగలి రాడు. చావు వస్తే మోసేవారుండరు. పేరంటానికి పిలుపు ఉండదు. పిలిచినా వచ్చేవారుండరు. పెండ్లిలో పాల్గొన్న మిత్రులు కొందరు ఈ ఒత్తిడికి ఆగలేక ప్రాయశ్చిత్తం చేయించుకుని తిరిగి కులంలో కలిశారు. వారిని తప్పుపట్టి లాభం లేదు. వారి ఇళ్ళలోనూ పెండ్లి కావలసిన పిల్లలున్నారు.

వెలి దెబ్బ మగవాడి కంటే ఆడదానికి ఎక్కువ తగులుతుంది. మగవాడికి కచేరీ ఉంది, బడి ఉంది, పత్రిక ఉంది, సభలున్నాయి. ఇంట ఉండే ఇల్లాలికి చుట్టుపక్కల అమ్మలక్కలు, పుట్టింటివారే లోకం. ఆ లోకం ఒక్కసారిగా తలుపు మూసుకుంది. రాజ్యలక్ష్మమ్మగారి పుట్టిల్లు కాతేరు ఎంతో దూరం కాదు. భర్తను వదిలి పుట్టింట కూర్చుంటే తప్పన్నవారుండరు, పైగా మెచ్చుకునేవారు. ఆమె కదలలేదు. భర్త ఆజ్ఞ అని తల వంచి ఊరుకున్న మనిషి కూడా కాదు. బలవంతం మీద చేసే పని ఒక పెండ్లి వరకు సాగుతుందేమో కాని ముప్ఫయి ఏళ్ళు సాగదు.

పంతులుగారి జీవితకాలంలో ఇటువంటి పెండ్లిళ్ళు సుమారు 40 జరిగాయి. ప్రతి పెండ్లికీ ముందు ఒక పిల్ల ఆ ఇంటికి చేరేది. కొందరిని తల్లే గుట్టుగా పంపేది, కొందరిని మిత్రులు రాత్రివేళ తీసుకువచ్చేవారు. భయంతో వణికే ఆ పిల్లకు ముందు కావలసింది ఉపన్యాసం కాదు, ఇంత అన్నం, పడుకోవడానికి ఒక చాప, పలకరించే ఆడమనిషి. చిన్నవాళ్ళకు ఆమె అమ్మ. తన ఈడుకు దగ్గరగా ఉన్నవారికి అక్క. కాస్త కాస్త చదువు చెప్పించి, ఇంటి పనులు నేర్పి, తగిన వరుడు దొరికే దాకా కడుపులో పెట్టుకుని చూసుకునేవారు.

పెండ్లితో పని తీరేది కాదు. మామూలు ఆడపిల్లకు కాపురంలో చిక్కు వస్తే పుట్టింటికి పోతుంది. తొలి కానుపుకు తల్లి తీసుకువెళుతుంది. పండుగకు అన్నదమ్ములు వచ్చి పిలుస్తారు. ఈ పిల్లలకు పుట్టింటి తలుపు శాశ్వతంగా మూసుకుపోయింది. పంతులుగారి ఇల్లే పుట్టిల్లు. పురుళ్ళు అక్కడే, అలకలు అక్కడే. మొగుడూ పెళ్ళాల తగవులూ అక్కడికే వచ్చేవి. ఈ దంపతుల్లో అందరూ బుద్ధిమంతులనుకోరాదు. డబ్బు కోసం, ఇంటి కోసం పంతులుగారిని వేధించినవారు, ఉపకారం పొంది ఎదురు తిరిగినవారు ఉన్నారు. ఆ సంగతులు పంతులుగారు తమ స్వీయచరిత్రలో దాచకుండా రాశారు. మగవాళ్ళు ఎదురు తిరిగినా వారి భార్యలను రాజ్యలక్ష్మమ్మగారు వదులుకోలేదు.

ఆ దంపతులకు పిల్లలు కలగలేదు. పిల్లలు లేని ఆడదాన్ని గొడ్రాలని పేరంటాల్లో వెనక్కు నెట్టే సంఘంలో ఆమె బ్రతికారు. ఆ ఇంట్లో మాత్రం ఎప్పుడు చూసినా ఎవరో ఒక బాలింత, ఎవరో ఒక చంటిబిడ్డ ఉండేవారు.

మద్రాసు నుంచి మళ్ళీ గోదావరి గట్టుకు

1897లో పంతులుగారు మద్రాసుకు తరలివెళ్ళారు. అక్కడ 1898లో వితంతు శరణాలయం ప్రారంభించారు. తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులుగా ఉద్యోగం చేశారు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన రాజ్యలక్ష్మమ్మగారికి నలభై ఆరేళ్ళ వయసులో కొత్త నగరం, కొత్త భాష. శరణాలయంలోని స్త్రీల బాగోగులు అక్కడా ఆమె మీదనే పడ్డాయి. ఆ రోజుల గురించి రాయడానికి ఎక్కువ లేదు. రోజూ తెల్లవారకముందే మొదలై పొద్దుపోయాక ముగిసే ఇంటిపని గురించి ఎవరు మాత్రం రాస్తారు?

1905 నాటికి దంపతులు రాజమండ్రికి తిరిగివచ్చారు. శరణాలయం కూడా ఇక్కడికి మారింది. 1906లో పంతులుగారు హితకారిణీ సమాజాన్ని స్థాపించారు. ఇల్లు, తోటలు, ముద్రాక్షరశాల, పుస్తకాల హక్కులు, కూడబెట్టిన సొమ్ము అంతా ఆ సమాజానికే రాసి ఇచ్చారు. పాఠకులు ఒక్క నిమిషం ఆలోచించాలి. భర్తకు అరవై ఏళ్ళు వస్తున్నాయి, ఎప్పుడూ ఉబ్బసంతో మంచాన పడే మనిషి. బిడ్డలు లేరు. అయినవాళ్ళు ఎప్పుడో వెలివేశారు. రేపు తాను ఒంటరిదయితే చేతిలో ఏమి మిగులుతుందని ఏ ఇల్లాలైనా అడుగుతుంది, అడగాలి కూడా. విధవల బ్రతుకు ఎలా ఉంటుందో ఆమె కంటే దగ్గరగా చూసినవారు లేరు. అయినా ఆమె ఆ దానానికి అడ్డు రాలేదు.

ఆ భయం నిజం కాలేదు. ఆమే ముందు వెళ్ళిపోయారు. 1910 ఆగస్టు 11న రాత్రి నిద్రలోనే రాజ్యలక్ష్మమ్మగారి ప్రాణం పోయింది. ఆమెకు అప్పటికి అరవై ఏళ్ళు నిండలేదు. ముందురోజు వరకు పనిలోనే ఉన్న మనిషి తెల్లవారేసరికి లేకపోవడం చూసి పంతులుగారు కుంగిపోయారు. దాదాపు యాభై ఏళ్ళ కాపురం అది. ఎందరు శత్రువులు దుమ్మెత్తి పోసినా లెక్కచేయని ఆయన ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదు. తోటలో ఆమెకు సమాధి కట్టించారు. తన పనులకు భార్య చేసిన సాయం ఎంతటిదో స్వీయచరిత్రలో రాశారు.

ఆ తరువాత తొమ్మిదేళ్ళు పంతులుగారు బ్రతికారు. 1919 మే 27న మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట కన్నుమూశారు. రాజమండ్రి వంకాయలవారి వీధిలోని ఆయన ఇంటిని ప్రభుత్వం స్మారకంగా కాపాడుతున్నది. హితకారిణీ సమాజం ఆస్తులతో నడిచిన విద్యాలయాల్లో వేలాది మంది చదువుకున్నారు. ఆ పట్టణంలోని మహిళా కళాశాలకు శ్రీ కందుకూరి రాజ్యలక్ష్మి కళాశాల అని పేరు పెట్టారు. ఊళ్ళో అందరూ ఎస్.కె.ఆర్. కాలేజీ అంటారు. కోనసీమ నుంచి, మెట్ట గ్రామాల నుంచి బస్సుల్లో వచ్చి అక్కడ చదివిన ఆడపిల్లలు మన జిల్లాలో చాలా ఇళ్ళలో ఉన్నారు.