కరవది బిడ్డ, పేట విద్య, శ్రీరంగం బడి

మా రాజుపాలెంలో పెళ్లి కుదిరిందంటే, ముహూర్తం ఎప్పుడని అడిగాక పెద్దవాళ్లు అడిగే రెండో మాట ఒకటుండేది: మేళం ఎక్కడిది? "పేట మేళం" అని జవాబొస్తే ఆ ఇంటి పరువు ఒక మెట్టు పెరిగినట్టే. పేట అంటే చిలకలూరిపేట. సత్తెనపల్లికీ పిడుగురాళ్లకీ మధ్యనున్న మా ఊరికి వాళ్లు ముందురోజు రాత్రికే చేరుకునేవాళ్లు. తెల్లవారుజామున, ఇంకా గాడిపొయ్యి రాజేయకముందే, పందిట్లో భూపాలం మొదలయ్యేది. మా నాయనమ్మ నన్ను లేపి కూర్చోబెట్టి, "సరస్వతి వచ్చి కూర్చుంటే నిద్రపోతావంట్రా" అనేది. ఆ వాయించే పెద్దాయన షేక్ ఇంటిపేరు మనిషి. రాముడి పెళ్లి పాటలైనా త్యాగరాజు కృతులైనా ఆ నోటి గాలితోనే మా చెవిన పడ్డాయి. అందులో వింత ఉందని మాలో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

ఆ పేట విద్యలో ఆరితేరిన మహావిద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబ్ పుట్టి 2024 మే నెలకి నూరేళ్లు నిండాయి. ఆయన పుట్టింది ఒంగోలు దగ్గర కరవదిలో. కన్నుమూసింది 1999లో శ్రీరంగంలో. ఆ రెండు ఊళ్ల మధ్య ఆయన నడిచిన దారిలో మా పల్నాటి చిలకలూరిపేట ఉంది. ఆ శతజయంతిని తలుచుకుంటూ ఆయన మనవలకూ శిష్యులకూ మా ఊరి తరఫున నాలుగు మాటలు చెప్పుకోవాలనే ఈ ప్రయత్నం.

చినమౌలానా గారికి తొలి గురువు తండ్రి కాసిం సాహెబ్. పై చదువు చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర. ఇక్కడ నాదస్వరం గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఆ చదువు ఎంత కష్టమో తెలియదు. పొడవాటి చెక్క గొట్టం, చివర గంట ఆకారంలో అణసు, వేళ్లు ఆడించడానికి ఏడు రంధ్రాలు. శ్రుతి సరిచేసుకోవడానికి కింద మరో ఐదు, వాటిలో కొన్నిటిని మైనంతో మూస్తారు. హార్మోనియంలో మెట్టు నొక్కితే స్వరం పలికినట్టు ఇక్కడ పలకదు. ఒకే రంధ్రం మీద పెదవి బిగువు మారితే స్వరం మారుతుంది, ఊపిరి జోరు మారితే స్వరం మారుతుంది, వేలు సగం తెరిస్తే మరొకటవుతుంది. గమకమంతా పెదవికీ ఊపిరికీ వేలికీ మధ్య జరిగే వ్యవహారం. దీన్ని పుస్తకంలో రాసి చూపించలేరు. గురువు ఎదురుగా కూర్చుని ఆయన బుగ్గ ఎప్పుడు నిండుతుందో, మెడ నరం ఎప్పుడు ఉబ్బుతుందో చూడాలి. ముందు నోటితో పాడాలి, పాడింది నిలిచాక వాద్యంలో ఊదాలి. అందుకే ఈ విద్యకు బడి అంటే ఇన్నాళ్లూ గురువుగారి అరుగే.

పేటలో నేర్చిన విద్యతో చినమౌలానా గారు అప్పటికే పేరున్న విద్వాంసుడు. ఆంధ్రదేశంలో పెళ్లిళ్లూ ఉత్సవాలూ వాయించుకుంటూ సుఖంగా బతకొచ్చు. కానీ తిరువావడుదురై రాజరత్నం పిళ్లై గారి నాదస్వరం ఆయన్ని స్థిమితంగా ఉండనివ్వలేదు. గంటల తరబడి ఒకే తోడి రాగాన్ని నిలబెట్టిన మనిషి రాజరత్నం. ఆ తంజావూరు బాణీ కావాలనుకున్నారు మన చినమౌలానా. సభల్లో మెప్పు పొందిన మనిషి తమిళదేశం వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల ముందు మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే. 1977లో పద్మశ్రీ వచ్చింది, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. అవి మనకు గర్వకారణాలే. కానీ వాటికి ఎన్నో ఏళ్ల ముందు, ఎవరూ చప్పట్లు కొట్టని వేళ, వచ్చిన విద్యను పక్కనపెట్టి మళ్లీ మొదటి పాఠానికి కూర్చోవడం! దానికి ఎంత దమ్ము కావాలో వాద్యం పట్టినవాళ్లకే తెలుసు.

రంగనాథుడి మీద భక్తితో ఆయన శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. తాను అడిగి తెచ్చుకున్న విద్యను అడిగినవాళ్లకు పంచాలని 1982లో అక్కడ శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పారు. తెలుగు ముస్లిం విద్వాంసుడు, తమిళనాట వైష్ణవ క్షేత్రంలో, సరస్వతి పేరు పెట్టిన బడి!

ఇప్పుడు ప్రపంచంలో పెద్ద సంగీత కళాశాలలు మన సంగీతానికి తలుపులు తెరుస్తున్నాయి. అమెరికాలో బోస్టన్ నగరంలోని బెర్క్లీ సంగీత కళాశాలలో 2011లో ఆనెట్ ఫిలిప్ అనే మన దేశపు గాయని విద్యార్థులతో ఒక భారతీయ సంగీత బృందం ప్రారంభించారు. ఎన్నో దేశాల పిల్లలు అందులో చేరారు. 2014లో ఏ.ఆర్. రెహమాన్ వాళ్లతో కలిసి కచేరీ చేశారు. 2022లో వాళ్లు తెచ్చిన 'శురూవాత్' ఆల్బం గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. ఎక్కడో పుట్టిన పిల్ల మన గమకానికి గొంతు వంచడానికి తంటాలు పడుతుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. ఆ పిల్లలు చేస్తున్న పనీ, కరవది బిడ్డ నాచ్చియార్‌కోయిల్లో చేసిన పనీ ఒకటే కదా! తనది కాని భాషలో, తనది కాని ఊళ్లో, తన చెవికి నచ్చిన నాదం కోసం ఒదిగి కూర్చోవడం. బెర్క్లీలో దానికి పట్టా ఇస్తారు. మన చినమౌలానా గారికి గురువులు బాణీ ఇచ్చారు.

ఆయన శిష్యుల్లో మా జిల్లావాళ్లున్నారని చెప్పుకోవడం మాకు మరీ సంతోషం. నరసరావుపేటకీ గుంటూరుకీ మధ్య రైల్లో వెళ్తుంటే సాతులూరు స్టేషను వస్తుంది. షేక్ మహబూబ్ సుభానీ గారిది ఆ ఊరు. ఆయనా, ఆయన భార్య కాలీషాబీ గారూ కర్నూలు శారదా సంగీత కళాశాలలో చదివి, ఆ తరవాత శ్రీరంగం వెళ్లి చినమౌలానా గారి దగ్గర సాధన చేశారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. నాదస్వరం మగవాళ్ల ఊపిరికే లొంగుతుందని మా చిన్నప్పుడు అనేవాళ్లు. కాలీషాబీ అమ్మగారు భర్త పక్కన కూర్చుని రాగం అందుకున్నప్పుడు ఆ మాటకు ఇక చోటు లేదు. అమ్మా, మా ఊరి ఆడపిల్లలు మీ ఫోటో చూస్తున్నారు. మీకు చేతులెత్తి నమస్కారం.

తాత చినమౌలానా గారి చేతుల్లోనే పెరిగి, ఆయన వాద్యాన్ని ఈనాటికీ జంటగా మోగిస్తున్న కాసిం, బాబు గార్లకు ప్రత్యేక అభినందనలు. గొప్పవాడి మనవలుగా పుట్టడం అదృష్టమే, బరువు కూడా. ప్రతి కచేరీలో ఎవరో ఒక పెద్దాయన "తాత ఇలా వాయించేవారు" అని పోల్చి చూస్తాడు. ఆ పోలికను నెత్తిన మోస్తూ ఇన్నేళ్లు నిలబడ్డారు మీరు. తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వర డోలు పాఠశాలలో చదువుకునే పిల్లలకూ మా దీవెనలు. డోలు వాయించే పిల్లలకు మరీను. నాదస్వరానికి వెన్నెముక డోలే అయినా సన్మానాల్లో శాలువా దానికి ఎప్పుడూ ఆఖరునే అందుతుంది.

ఒక్క కోరిక చెప్పుకోనివ్వండి. కాసిం, బాబు గారూ, మీ ఆశ్రమం వార్షికోత్సవాల్లో ఒకటి చిలకలూరిపేటలో జరపండి. కోటప్పకొండ తిరునాళ్లకు పేట నుంచి ప్రభలు కదిలే వేళ అయితే ఇంకా మంచిది. మేం రాజుపాలెం నుంచి ట్రాక్టర్లు కట్టుకుని వస్తాం. ఆదం సాహెబ్ నడిచిన వీధుల్లో ఆయన శిష్యుడి మనవలు ఒక్క మల్లారి వాయిస్తే చాలు.

మొన్న మాఘమాసంలో మా వీధిలో పెళ్లి జరిగింది. గట్టిమేళం అయిపోయి అందరూ భోజనాల వైపు కదిలారు. ఏడేళ్ల పిల్లాడొకడు మాత్రం సన్నాయి తాత ముందే నిలబడి, వాద్యానికి దారంతో వేలాడుతున్న పీకల వంక చూస్తున్నాడు. తాత అందులో ఒకటి తీసి వాడి పెదవుల మధ్య పెట్టాడు. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారీ గాలే. మూడోసారి కీచుమని ఒక అరుపు వచ్చింది, విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా ఉలిక్కిపడి ఇటు తిరిగారు. వాళ్లమ్మ పరుగున వచ్చి, "ఇచ్చెయ్ నాన్నా, తాతగారు అన్నం తినాలి" అని లాగబోయింది.

"ఉండనీ తల్లీ," అన్నాడు తాత. "పలికిందిగా. అన్నానికేం తొందర?"