సంఘాల ఐక్యతకు జీవితాన్ని ధారపోసిన బిషప్‌ అజరయ్య

డోర్నకల్‌: దక్షిణ భారతదేశంలోని గ్రామీణ ప్రొటెస్టంటు సంఘాలు ఒకే సంఘంగా ఏర్పడాలని పాతికేళ్లు కృషి చేసి, ఆ కల నెరవేరడానికి రెండున్నరేళ్లకు పైగా ముందే కన్నుమూసిన మహనీయుడు బిషప్‌ వేదనాయగం శామ్యూల్‌ అజరయ్య. తమిళనాట పుట్టి, తెలుగు నేర్చి, తెలుగు పల్లెలనే తన కర్మభూమిగా చేసుకున్న ఆయన సమాధి డోర్నకల్‌లోనే ఉంది.

తమిళ పల్లె నుంచి తెలుగునేలకు

1874 ఆగస్టు 17న నాటి తిరునల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలై గ్రామంలో అజరయ్య జన్మించారు. తండ్రి థామస్‌ వేదనాయగం ఆ గ్రామంలోనే ఆంగ్లికన్‌ గురువు. మద్రాసు క్రిస్టియన్‌ కళాశాలలో చదివిన అజరయ్య 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణాది అంతటా పర్యటించారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. 1902లో సింహళంలోని యాఫ్నాకు వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో సువార్త సేవ సాగించడం ఆయనను ఆలోచింపజేసింది. విదేశీ ధనంపై ఆధారపడకుండా మనవారే మనవారికి సేవ చేయాలన్న తలంపుతో 1903లో తిరునల్వేలి ఇండియన్‌ మిషనరీ సొసైటీ స్థాపనకు పూనుకున్నారు. ఆ సొసైటీ తన సేవాక్షేత్రంగా నిజాం రాజ్యంలోని మానుకోట ప్రాంతాన్ని ఎంచుకుంది. 1909లో గురుత్వాభిషేకం పొందిన అజరయ్య స్వయంగా డోర్నకల్‌ చేరుకున్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్‌ పాల్స్‌ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్‌ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. తెల్లదొరలు ఒక భారతీయుని అధికారానికి లోబడతారా అన్న సందేహం నాడు పలువురిలో ఉండేది. అంతకు రెండేళ్ల ముందే, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన విదేశీ మిషనరీలు భారతీయులను సమానులైన మిత్రులుగా చూడడం లేదని నిర్మొహమాటంగా చెప్పి సంచలనం కలిగించారు.

ఊరిని బట్టి సంఘం

ఆ కాలంలో తెలుగునేలను వివిధ మిషన్లు తమలో తాము పంచుకున్నాయి. బందరు, బెజవాడ ప్రాంతాలు చర్చి మిషనరీ సొసైటీకి, నంద్యాల ప్రాంతం మరొక ఆంగ్లికన్‌ సొసైటీకి, కడప లండన్‌ మిషన్‌కు, మెదక్‌ వెస్లియన్‌ మెథడిస్టులకు, నెల్లూరు, ఒంగోలు అమెరికన్‌ బాప్టిస్టులకు, గుంటూరు, రాజమండ్రి లూథరన్లకు దక్కాయి. ఒకరి ప్రాంతంలో మరొకరు అడుగుపెట్టరాదన్నది వారి మధ్య అవగాహన. ఫలితంగా గ్రామీణుడు ఏ సంఘస్థుడన్నది అతడు పుట్టిన ఊరిని బట్టే నిర్ణయమయ్యేది. ఇంగ్లండు, అమెరికా దేశాల్లో శతాబ్దాల కిందట పుట్టిన విభేదాలకు ఈ దేశపు పేద రైతుకూలీకి సంబంధమే లేదు. అయినా పొట్టచేత పట్టుకుని గనులకో, రైల్వే పనులకో తరలిన కుటుంబానికి కొత్త ఊరి సంఘంలో ప్రభురాత్రి భోజన సంస్కారం లభిస్తుందన్న భరోసా ఉండేది కాదు.

అజరయ్య సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వారు. కులభేదం మరచి అందరూ కలిసి ఆరాధించాలని బోధిస్తూ ఆయన ఎడ్లబండిపై, సైకిల్‌పై ఊరూరా తిరిగారు. వంటకు ముందు పిడికెడు బియ్యం దేవుని కొరకు తీసి ఉంచే అలవాటును, కోతల కాలంలో పంట పండుగలను ప్రోత్సహించారు. ఇంటిలో కులభేదాన్ని, బయట మిషన్‌ భేదాన్ని మోస్తున్న ఈ ప్రజలకు విభజన ప్రాణాంతకమన్నది ఆయన దృఢాభిప్రాయం.

తరంగంబాడి నుంచి మద్రాసు వరకు

1908లోనే కాంగ్రిగేషనల్‌, ప్రెస్బిటేరియన్‌ సంఘాలు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘంగా ఏర్పడ్డాయి. 1706లో తొలి ప్రొటెస్టంటు మిషనరీలు కాలుమోపిన తరంగంబాడిలోనే 1919 మే నెలలో ఆ సంఘ ప్రతినిధులు, ఆంగ్లికన్లు సమావేశమై ఐక్యతకు పిలుపునిస్తూ ప్రకటన వెలువరించారు. పాల్గొన్నవారిలో అత్యధికులు భారతీయులే. ఆ సమావేశానికి ప్రధాన సూత్రధారి అజరయ్య. మరుసటి ఏడాది అధికారిక చర్చలు మొదలయ్యాయి. అనంతరం మెథడిస్టులూ చేరారు. 1927లో లోజాన్‌లో జరిగిన ప్రపంచ సభలోనూ ఆయన ఇదే విషయాన్ని వినిపించారు.

అయితే చర్చలు సులువుగా సాగలేదు. బిషప్‌ చేతులమీదుగా అభిషేకం పొందనివారిని గురువులుగా అంగీకరించరాదని ఆంగ్లికన్లలో పలువురు వాదించారు. తమ పాస్టర్లకు మళ్లీ అభిషేకమంటే ఇంతకాలం చేసిన సేవను కాదన్నట్లేనని ఇతరులు అభ్యంతరం తెలిపారు. చివరకు అప్పటికే సేవలో ఉన్న అందరినీ యథాతథంగా స్వీకరించి, ఇకపై జరిగే అభిషేకాలు మాత్రం బిషప్‌ల ద్వారా జరగాలన్న రాజీ సూత్రం కుదిరింది. 1929లో తొలి పథకం ప్రచురితమైన తరువాత కూడా సవరణలు ఏళ్లతరబడి సాగాయి.

ఈ మధ్యకాలంలోనే డోర్నకల్‌లో భారతీయ శిల్పరీతులు మేళవించిన ఎపిఫనీ కెథడ్రల్‌ నిర్మాణం పూర్తయి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మతాంతరీకరణ విషయమై మహాత్మాగాంధీకి, అజరయ్యకు మధ్య గాఢమైన అభిప్రాయభేదం ఉండేది. అయినప్పటికీ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కూడదని, అవి సంఘాన్ని ఒక వేరు వర్గంగా మారుస్తాయని అజరయ్య భావించారు.

చూడని ఘడియ

1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లో తుదిశ్వాస విడిచారు. ఆయన సభ్యులుగా ఉన్న ఆంగ్లికన్‌ సర్వసభ్య మండలి అదే నెలలో ఐక్యతకు ఆమోదముద్ర వేసింది. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్‌ జార్జి కెథడ్రల్‌లో పది లక్షలకు పైగా సభ్యులతో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. బిషప్‌లున్న సంఘాలు, లేని సంఘాలు ఒకటి కావడం ప్రపంచంలో అంతకుముందు ఎరుగని విషయం.

ఆ రోజున అందరూ చేరలేదు. బాప్టిస్టులు, లూథరన్లు వేరుగానే ఉండిపోయారు. అజరయ్య స్వయంగా పాలించిన డయోసిస్‌లోని నంద్యాల ప్రాంత ఆంగ్లికన్లలో అధికులు సైతం తొలుత వెలుపలే నిలిచి, 1970వ దశకంలో గాని కలవలేదు. అయినా మెదక్‌ మెథడిస్టు, కడప లండన్‌ మిషన్‌, డోర్నకల్‌ ఆంగ్లికన్‌ కుటుంబాల వారసులు నేడు ఒకే సంఘ సభ్యులుగా, ఒకే బల్ల వద్ద ప్రభురాత్రి భోజనం స్వీకరిస్తున్నారు. 2016 నుంచి మహబూబాబాద్‌ జిల్లాలో భాగమైన డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్‌ ఆరాధనలతో నేటికీ కళకళలాడుతోంది.