బ్లేజ్ పాస్కలు మహాశయుని జీవితము

శంషాబాదు మీదుగా బెంగుళూరునకు పోవు రాజమార్గము ప్రక్కనున్న మరమ్మతుశాలలలో మేస్త్రీలు దినదినము ఉపయోగించుకొను ప్రకృతిధర్మ మొకటి కలదు. 2008 వ సంవత్సరమున శంషాబాదున తెరువబడిన విమానాశ్రయమునుండి వైమానికులకు తెలుపబడు వాయుపీడనపు లెక్క హెక్టోపాస్కలులలో నుండును. ఆ ధర్మమును వివరించినవాడును, ఆ కొలతకు తన పేరు నిచ్చినవాడును ఒక్కడే. ఆయన ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజ్ పాస్కలు. లారీలు, బస్సులు నడుపు కుటుంబముల బాలురు మా పాఠశాలలో చదువుచుండుటచే, ఆయన చరిత్రమును వారికి ఉపయోగపడు రీతిని సంగ్రహముగా వ్రాయ సంకల్పించితిమి.

పాస్కలు 1623 జూన్ 19 వ తేదీన క్లెర్మాన్ పట్టణమున జన్మించెను. మూడేండ్ల ప్రాయముననే తల్లిని గోల్పోయెను. తండ్రియగు ఎటియెన్ పాస్కలు రాజోద్యోగి, గణితప్రియుడు. ఆయన 1631 లో కుటుంబముతో పారిసు నగరము చేరి, కుమారుని ఏ పాఠశాలకును పంపక తానే విద్య గరపెను. భాషలు చక్కగా వచ్చువరకు గణితమువైపు మనసు పోనీయరాదని తలంచి ఆ గ్రంథములను దాచియుంచెను. అయినను పండ్రెండేండ్ల ఆ బాలుడు బొగ్గుతో నేలపై గీతలు గీయుచు, త్రిభుజమునందలి మూడు కోణముల మొత్తము రెండు లంబకోణములకు సమానమని తనంతట తానే తెలిసికొనెనని ఆయన యక్క గిల్బెర్టు తెలిపియున్నది. అది చూచి తండ్రి సంతోషించి యూక్లిడు గ్రంథమును అతని చేతి కిచ్చెను.

తరువాత తండ్రికి రువాన్ పట్టణమున పన్నుల లెక్కలు చూచు నుద్యోగ మయ్యెను. రాత్రులు మేలుకొని తండ్రి కూడికలు వేయుచుండుట చూచి, పాస్కలు 1642 లో, తన పందొమ్మిదవ యేట, లెక్కలు చేయు యంత్రమును నిర్మింప మొదలిడెను. అందలి పండ్లచక్రములను సరిగా చేయగల పనివారు దొరకుట దుర్లభమయ్యెను. అయినను విసుగక, సుమారు ఏబది నమూనాలు చేయించి 1645 నాటికి యంత్రమును సిద్ధపరచెను.

ఆ కాలపు పండితులలో అనేకులు ప్రకృతి శూన్యమును సహింపదని విశ్వసించుచుండిరి. ఇటలీలో టారిసెల్లి పాదరసము నింపిన గాజుగొట్టమును తలక్రిందులుగా నిలిపి, పైన ఖాళీ యేర్పడుటను చూపెను. పాదరసమును నిలిపియుంచునది వెలుపలి గాలి బరువే యైనచో, గాలి తక్కువగానుండు కొండశిఖరమున పాదరసము దిగవలయునని పాస్కలు తలపోసెను. రోగపీడితుడగుటచే తాను కొండ యెక్కలేక, బావయగు పెరియేకు లేఖ వ్రాసెను. పెరియే 1648 సెప్టెంబరు 19 వ తేదీన ప్యూయి ద డోమ్ పర్వతము నెక్కెను. ఒక గొట్టమును కొండక్రింద మఠోద్యానమున కదల్పక యుంచి, దినమంతయు కనిపెట్టుటకు ఒక సన్యాసిని నియమించెను. శిఖరమున పాదరసము మూడంగుళములకు పైగా దిగెను. క్రిందిదానిలో మార్పేమియు లేకుండెను. కావున ఆ మార్పు ఎత్తువలననే కాని, నాటి వాతావరణమువలన గాదని రుజువయ్యెను. శంషాబాదు విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు 617 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటను పాదరసము సముద్రతీరమునకంటె సుమారు 5 సెంటీమీటర్లు తక్కువగా నిలుచును.

ఈ పరిశోధనల నుండియే ఆయన ద్రవముల సమతౌల్యమునుగూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అది ఆయన మరణానంతరము 1663 లో ముద్రింపబడెను. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్నివైపులకు సమముగా వ్యాపించుననునదే అందలి ముఖ్యధర్మము. ఒక ద్వారము రెండవదానికంటె నూరు రెట్లు పెద్దదైనచో, చిన్నదానిపై ఒకడు నొక్కిన బలము పెద్దదానిపై నూర్గురి బలమునకు సరితూగును. అయితే చిన్నది నూరంగుళములు దిగిన పెద్దది ఒక్క అంగుళమే లేచును. 1795 లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా ఈ ధర్మముపై గొప్ప అదుముడు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. నేటి బ్రేకులును, క్లచ్చులును, విమానముల చక్రములను దించు సాధనములును దీనినే అనుసరించును.

మోటారు క్లచ్చులో పెడలు చెంత మాస్టరు సిలిండరును, గేరుపెట్టె చెంత స్లేవు సిలిండరును, రెంటిని కలుపు గొట్టమును ఉండును. లోపల బ్రేకు ఆయిలు నిండియుండును. మాస్టరు వైశాల్యము 2 చదరపు సెంటీమీటర్లు, స్లేవుది 3 అనుకొందము. మాస్టరు పిస్టను 3 సెంటీమీటర్లు జరిగిన 6 ఘనసెంటీమీటర్ల ఆయిలు పోయి, స్లేవు పిస్టను 2 సెంటీమీటర్లు జరుగును. మాస్టరుపై 80 కిలోల బలము పడిన అవతల 120 కిలోల బలము పుట్టును. ఇపుడు గొట్టములో 4 ఘనసెంటీమీటర్ల గాలి చేరెననుకొందము. ఆయిలు నొక్కిన నలుగదు, గాలి నలుగును. ఆ పీడనమునకు గాలి ఘనసెంటీమీటరులో పదియవ వంతుకు కుదించుకొనిపోవును. పంపిన ఆరింటిలో దాదాపు నాలుగు దానికే వ్యయమగుటచే స్లేవు పిస్టను ఒక్క సెంటీమీటరైనను జరుగదు. పెడలు దిగును గాని క్లచ్చు విడదు, గేరు పడదు.

ఇట్టి సమయమున మంచి మేస్త్రీ ముందుగా డబ్బాలోని ఆయిలు మట్టము చూచును. తగ్గియున్నచో గొట్టపు బిగింపులను, సిలిండర్ల రబ్బరు తొడుగులను పరీక్షించి కారుచోటు వెదకును. వెంటవెంటనే త్రొక్కగా పెడలు గట్టిపడినచో గాలి చేరినదని అనుమానించును. ఎచ్చటను కారకయే త్రొక్కిపట్టిన పెడలు మెల్లగా క్రుంగినచో, మాస్టరు లోపలి రబ్బరు అరిగి ఆయిలు వెనుకకు జారుచున్నదని తలంచును. సందేహము తీరనిచో గొట్టమును విప్పి, మాస్టరు ద్వారమున మరబిరడా బిగించి, గాలి లేకుండ చూచుకొని త్రొక్కును. పెడలు గట్టిగా నిలిచిన దోషము క్రిందిభాగమున నున్నది. అప్పుడును క్రుంగిన దోషము మాస్టరులోనే యున్నది. కొండక్రింద ఒక గొట్టమును కదల్పక యుంచిన బుద్ధియే ఇదియు. గాలి తీయునపుడు ఒకడు పెడలు త్రొక్కిపట్టగా, రెండవవాడు స్లేవు సిలిండరు నిపిలును వదులుచేసి మరల బిగింపవలయును. ఆ పిదపనే పెడలు విడువవలయును. క్రమము తప్పిన వెలుపలి గాలి లోనికి పోవును. డబ్బా ఎండిపోనీయరాదు. అందు ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు ఉబ్బి చెడును.

పాస్కలు 1654 నవంబరు 23 వ తేదీ రాత్రి గాఢమగు దైవానుభవము పొంది, ఆ పిమ్మట దైవచింతనయందే ఎక్కువ కాలము గడపెను. 1662 మార్చిలో ఆయన పూనికచే పారిసున నియమితమార్గములలో, ఐదు సూల రుసుముతో, సామాన్యులకు గుఱ్ఱపుబండ్లు నడువ నారంభించెను. తన యింట ఆశ్రయ మిచ్చిన బీదకుటుంబపు బిడ్డకు మశూచి సోకగా, ఆ బిడ్డను కదల్ప నొల్లక, వ్యాధిగ్రస్తుడైనను తానే ఇల్లు విడిచి యక్క యింటికి పోయెను. అచ్చటనే 1662 ఆగస్టు 19 వ తేదీన, ముప్పదితొమ్మిదవ యేట పరమపదించెను.

కొందరు తల్లిదండ్రులు మరమ్మతుపనిని చదువురానివారి పనిగా తలంతురు. గొప్ప గణితవేత్తయగు పాస్కలు పనివారి సరసను నిలిచి పండ్లచక్రములను సరిచేయించెను. కారణము వెదకక ఊహపై ఒక్కొక్క భాగమును మార్చుచు పోయినచో, దినకూలిపై బండి నడుపువాని సొమ్ము నష్టమగును. దోషము మిగిలిపోయి నడిరోడ్డున ప్రాణాపాయము గలుగవచ్చును. విద్యార్థులారా, మీలో కొందరు రేపు పారిశ్రామిక శిక్షణాలయమునకు పోవుదురు, కొందరు తండ్రుల వృత్తినే చేపట్టుదురు. సిలిండరు విప్పుటకు ముందు గాలి యెచ్చట నున్నదో ఆలోచింపుడు. ఒకటి మార్చునపుడు తక్కినవానిని కదల్పకుడు. మీ చేతిపని మీ చదువునకు వెలితి గాదని మేము దృఢముగా నమ్ముచున్నాము.