పత్రికను పోషించిన పంతులుగారు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు చెప్పగానే మన పెద్దవాళ్ళకు రెండు గుర్తుకొస్తాయి. ఒకటి అమృతాంజనం, రెండోది ఆంధ్రపత్రిక. ఒకటి తలనొప్పికి రాసుకునే పసుపుపచ్చని మందు, మరొకటి తరతరాలు చదివిన పత్రిక. ఈ రెండింటికీ యజమాని ఒకరేనని చాలామందికి తెలుసు. మందు అమ్మిన డబ్బే పత్రికను నిలబెట్టిందన్న సంగతి మాత్రం మనం అంతగా తలచుకోము. చందాదారుల కోసం చిన్న పత్రికలన్నీ ఎదురుచూస్తున్న ఈ రోజుల్లో, ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి ఒకసారి చూడడం మంచిదని మేము భావిస్తున్నాము.

పంతులుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి పట్టభద్రులయ్యారు. విలియం మిల్లర్‌గారు ఆ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలమది. ఆ రోజుల్లో బి.ఏ. చదివినవాడికి సర్కారు ఉద్యోగం దొరకడం కష్టం కాదు. ఆయన ఆ దారిన వెళ్ళలేదు. కలకత్తాలోనూ, ఆ తర్వాత బొంబాయిలోనూ వ్యాపార సంస్థల్లో పనిచేసి మందుల వర్తకం నేర్చుకున్నారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీలు జరిగే చోట్ల దాన్ని ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. కొన్నేళ్ళకే ఆ చిన్న సీసా దేశమంతటా ఇంటింటి మందయింది.

అంత లాభం వచ్చిన మనిషి అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ స్వదేశీ ఉద్యమం దేశాన్ని కదిలిస్తున్న కాలమది. సూరత్ కాంగ్రెసు జరిగిన మరుసటి ఏడాది, అంటే 1908లో, ఆయన బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. తెలుగునేలకు అంత దూరాన తెలుగు పత్రిక అచ్చువేసి, తపాలా ద్వారా పంపించడం చిన్న పని కాదు. పత్రికతోపాటు వెలువడిన ఉగాది సంచికలకు కూడా మంచి పేరు వచ్చింది.

1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రిక అయింది. ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధవార్తలను తమ భాషలో రోజూ చదవాలని జనం కోరుకున్నారు. అప్పట్లో తెలుగులో దినపత్రిక నడపడమంటే ఏమిటో మనం ఊహించుకోవాలి. వార్తలు ఇంగ్లీషులో తంతి ద్వారా వచ్చేవి. వాటిని వెంటనే తెలుగు చేయాలి. గుణింతాలు, వత్తులు కలిసి తెలుగుకు కావలసిన సీసపు అక్షరాలు వందల రకాలు. కంపోజిటర్ ఒక్కొక్కటీ చేత్తో ఏరి పేర్చాలి. కాగితం, సిరా, జీతాలు, తపాలా ఖర్చు ముందుగా పెట్టాలి. చందాలు, ఏజెంట్ల బాకీలు తీరిగ్గా వస్తాయి. ఈ సందును పూడ్చలేకనే ఎన్నో మంచి పత్రికలు మూతపడ్డాయి. పంతులుగారికి ఆ సందును పూడ్చింది అమృతాంజనమే.

దాని ఫలితం రాతలో కనబడింది. జమీందారు దయమీదో, సర్కారు ప్రకటనలమీదో బతికే పత్రిక వాళ్ళకు నచ్చనిది రాయడానికి వెనకాడుతుంది. ఆంధ్రపత్రికకు ఆ అవసరం లేకపోయింది. జాతీయోద్యమాన్నీ, ఆంధ్రరాష్ట్ర కోరికనూ అది బాహాటంగా బలపరచింది. యజమాని తానే ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబరులో కుదిరింది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. ఆ ఇంటి పేరే ఒడంబడికకు వచ్చింది.

లాభం రాదని తెలిసిన పనులకు కూడా ఆయన వెనుదీయలేదు. 1924లో సాహిత్యానికీ, చరిత్రకూ, పరిశోధనకూ భారతి మాసపత్రిక పెట్టారు. భారతిలో వ్యాసం అచ్చయితే చాలు, పండితుడిగా గుర్తింపు వచ్చినట్టేనని ఎందరో భావించేవారు. 1926లో ఆంధ్ర గ్రంథమాల ప్రారంభించి మంచి పుస్తకాలను తక్కువ ధరకు అందించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు కన్నుమూయడంతో ఆగిపోయిన విజ్ఞానసర్వస్వం పనిని భుజాన వేసుకున్నారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చేవారని ఆయన్ను ఎరిగినవారంతా చెప్పారు. ప్రజలు ఆయనను దేశోద్ధారకుడని పిలుచుకున్నారు. 1938 ఏప్రిల్ 11న ఆయన కన్నుమూశారు.

తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికలను నడిపించారు. ఆంధ్రపత్రిక, భారతి చాలా దశాబ్దాలు సాగి, 1990 దశకం మొదట్లో ఆగిపోయాయి. అమృతాంజనం మాత్రం ఈనాటికీ కొట్లలో దొరుకుతోంది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆలోచించాలి. సీసా ఎందుకు నిలిచింది? ప్రతి తరమూ దాన్ని డబ్బిచ్చి కొనుక్కుంది గనుక. పత్రిక సంగతి అలా కాదు. పక్కింట్లో అడిగి తెచ్చుకుంటాం, గ్రంథాలయంలో చదువుతాం, చందా వచ్చే నెల కడదాములే అనుకుంటాం. ఒక ధర్మాత్ముడు పత్రికను పుట్టించగలడు, తాను బతికినంత కాలం పోషించగలడు. ఆ తర్వాత దాన్ని మోయవలసినవాళ్ళు చదివేవాళ్ళే. ఉచితంగా చదవడానికి అలవాటుపడిన చోట ఆ బరువు ఎవరి భుజమ్మీదా పడదు.

మన సంఘాల్లోనూ చేతిరాత ప్రతులతో మొదలై, అచ్చు వరకూ వెళ్ళి, నిశ్శబ్దంగా ఆగిపోయిన పత్రికలు ఉన్నాయి. అవి ఆగిపోయాయని మనం బాధపడతాం. కానీ వాటికి మనం చివరిసారి చందా ఎప్పుడు కట్టామో గుర్తుచేసుకుంటే ఆ బాధకు జవాబు దొరుకుతుంది. పంతులుగారి వంటి దాత తరానికి ఒక్కరు కూడా దొరకకపోవచ్చు. ఏడాదికి ఒకసారి చందా కట్టగలిగినవారు మాత్రం ప్రతి సంఘంలోనూ ఉన్నారు. మీకు మేలు చేసిన పత్రిక ఏదైనా సరే, ఈ వారమే దాని చందా కట్టండి.