పాముల బొమ్మలు వేయించిన డాక్టరు దొర

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. మా కొత్తవలసకు దగ్గరలోనే, విశాఖపట్నంలో కొన్నేళ్లు కాపురమున్న డాక్టర్ పాట్రిక్ రస్సెల్ గారు నాకు గుర్తుకొచ్చారు.

వారిది ఎడింబరో. సిరియాలోని అలెప్పోలో చాలా ఏళ్లు వైద్యం చేసి, అక్కడ ప్లేగును కళ్లారా చూశారు. 1780ల తొలి రోజుల్లో, విశాఖలో కంపెనీ అధికారిగా ఉన్న తమ్ముడు క్లాడ్‌తో కలిసి మన తీరానికి వచ్చారు. 1785లో కంపెనీవారు ఆయన్ను ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించారు.

మా చిన్నతనంలో కళ్లంలో పొడపాము కనిపిస్తే ఊరంతా కర్రలతో పరుగెత్తేది. విషం ఉన్నదేదో లేనిదేదో ఎవరికి తెలుసు? కనబడినదల్లా చచ్చేది. రస్సెల్ గారి పని సరిగ్గా ఇక్కడే మొదలైంది. రంగును నమ్మకూడదని, కోరలు చూడాలని, పొట్టకింద, తోకకింద పొలుసులు లెక్కపెట్టాలని పట్టుబట్టారు. కోళ్లమీద, కుక్కలమీద విషాన్ని పరీక్షించారు. తంజావూరు మాత్రలని పేరుపడిన మందును కూడా పరీక్షకు పెట్టారు.

కెమెరా ఇంకా పుట్టని కాలం. చూసినది పదిమందికీ చూపాలంటే బొమ్మ గీయాల్సిందే. పాములకు, చేపలకు బొమ్మలు వేయించారు. వాటి కింద మనవాళ్లు పిలిచే తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాయించారు. మన పొడపాము అక్కడ కాటుకరేకుల పొడ. గంజాం వైపు మన్సూరుకోట నుంచి వచ్చిన పసుపు పట్టీల పాము బంగారం పాము. ఆ మాట నుంచే కట్లపాముల జాతికి శాస్త్రంలో బంగారస్ అని పేరొచ్చింది. పొడపాముకైతే 1797లో ఆయన పేరే పెట్టారు.

పాముల పుస్తకం మొదటి సంపుటం 1796లో, విశాఖ చేపల పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. చేపలు రెండు వందలు! 1805లో ఆయన కాలం చేశారు.

ఒక్క సంగతి మాత్రం నన్ను వదలదు. ఆ చేపల్ని గీసింది మన దేశపు చిత్రకారుడు. పుస్తకం మొదటి పేజీ మీద ఉన్నది డాక్టరుగారి పేరే. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా డ్రాఫ్టులు రాసి పైవారి సంతకానికి పెట్టినవాణ్ణి, ఈ బాధ నాకు తెలుసు, మీలో చాలామందికీ తెలుసు. అలాగని డాక్టరుగారిని తప్పు పట్టను. జాలరి నోటి మాటను మార్చకుండా రాయించిన పెద్దమనిషి ఆయన.

మొన్న మా మనవడు ఆ చేపల బొమ్మలు ఫోనులో చూపించాడు. ఒకదాని కింద పండుమీను అని ఉంది. కళ్లజోడు పెట్టుకుని మా ఆవిడ కూడా చూసింది. ఇది పండుగప్పే కదండీ, మొన్న సంతలో బేరం కుదరక వదిలేశారే, అంది.